షార్ట్ షిఫ్టర్ కొనే ముందు బుష్ చూడండి

రీల్స్‌లో చూసే ఉంటారు. ఒకాయన గేర్ రాడ్‌ని అలా ముట్టుకుంటాడు, టక్‌మని సెకండ్ నుంచి థర్డ్ పడిపోతుంది. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: "బ్రో, ఏ కిట్?" మాన్యువల్ కారులో గేరు మార్చేటప్పుడు చెయ్యి కదలాల్సిన దూరాన్ని తగ్గించే ఆ కిట్టే షార్ట్ షిఫ్టర్. ఈ మధ్య నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఒకటి పెట్టించాను. కిట్ పేరు కంటే ముందు తెలుసుకోవాల్సింది దాని లెక్క.

గునపంతో బండరాయిని కదిలించడం చూశారు కదా. గేర్ రాడ్ కూడా అంతే. మధ్యలో కీలు, పైన మన చెయ్యి, కింద గేర్‌బాక్స్‌ని కదిలించే కొస. కీలుకి పైన 30 సెంటీమీటర్లు, కింద 5 ఉన్నాయనుకోండి. చెయ్యి 12 కదిలితే కింద కొస 2 కదులుతుంది. షార్ట్ షిఫ్టర్‌లో పైన 24, కింద 6 అనుకుంటే, అదే 2 సెంటీమీటర్లకి చెయ్యి 8 కదిలితే చాలు. దూరం మూడో వంతు తగ్గింది. కానీ ఊరికే రాలేదు, బలం ఒకటిన్నర రెట్లు పెట్టాలి. ఖాళీ రోడ్డు మీద అది మజానే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్ట్, సెకండ్, మళ్లీ ఫస్ట్ అంటూ గంట నడిపితే మోచేతికి తెలుస్తుంది.

1989లో వచ్చిన మాజ్డా మియాటా లాంటి కార్లలో రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది. మన రోడ్ల మీద కనిపించే చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో అలా కాదు. రాడ్ సీట్ల మధ్య, గేర్‌బాక్స్ బానెట్ కింద, రెండింటినీ కలుపుతూ కేబుళ్లు. ఆ కేబుళ్ల కొసల్లో చిన్న బుష్‌లుంటాయి. అవి అరిగితే రాడ్ గంజిలో గరిటెలా తిరుగుతుంది. దాన్ని చూసి చాలామంది కిట్ కొనేస్తారు.

మా మెకానిక్ అన్న కిట్ చేతిలో పట్టుకుని కూడా ఒకటే మాటన్నాడు: "ముందు బుష్‌లు మారుద్దాం తమ్ముడూ. అప్పటికీ సరిపోకపోతే ఇది ఎలాగూ ఉంది." మార్చి రెండు వారాలు నడిపాను. వదులు సగానికి పైగా పోయింది! ఆ తర్వాతే కిట్ బిగించాం.

మా కారులో పని ఇలా సాగింది. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచాం. బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీస్తే గేర్‌బాక్స్ మీది ఆర్మ్ కనిపించింది. కేబుల్ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టి, ఫొటో తీసి, అప్పుడు విప్పాం. కొత్త ఆర్మ్ బిగించాక ఇంజిన్ ఆపే ఉంచి రివర్స్‌తో సహా అన్ని గేర్లూ పూర్తిగా పడుతున్నాయో లేదో చూశాం. ఈ చెక్ మాత్రం మానేయొద్దు. కేబుల్ సెట్టింగ్ తేడా ఉంటే గేరు సగమే పడి, నడుస్తుండగా జారిపోవచ్చు. హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుంటే అలా జరిగితే?

ఇంకో మాట. దూరం తగ్గింది కదా అని గేర్లు గుద్దకండి. లోపల సింక్రనైజర్ రింగులు రాపిడితో గేరునీ షాఫ్టునీ ఒకే వేగానికి తెచ్చాకే గేరు పడుతుంది. ఏ కిట్టూ ఆ పనిని తొందరపెట్టలేదు. తొందరపెడితే అరిగేది ఆ రింగులే, వాటిని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. కారు వారంటీలో ఉంటే, బయటి పార్ట్ పెట్టే ముందు కాగితాలు ఒకసారి చదవండి.

మా ఇంట్లో ఈ కారు నాన్న కూడా నడుపుతారు. రైతుబజారుకి వెళ్లొచ్చి, "ఏంట్రా, ఫస్ట్ గేరు మొండికేస్తోంది?" అన్నారు. మా కిట్ ఆర్మ్‌కి మూడు రంధ్రాలున్నాయి. మరీ పొట్టిది వదిలేసి మధ్య దానికి మార్చాం. నాకు టక్‌మనే ఫీల్ కొంచెం తగ్గింది, ఆయన భుజానికి హాయిగా ఉంది. ఇద్దరు నడిపే కారుకి అదే సరైన సెట్టింగ్.

కాబట్టి వరస ఇదీ: ముందు బుష్‌లు, తర్వాత కేబుల్ సెట్టింగ్, ఆ తర్వాత కిట్. మొదటి రెండింటితోనే మీ సమస్య తీరిపోతే, కిట్ డబ్బులు టైర్ల మీద పెట్టండి.