ముందు బకాయిలు, తర్వాతే బాయిలర్

"మనుషులు దొరుకుతలేరు." నిజామాబాద్ జిల్లాలో వేల్పూర్, ఆర్మూర్, అంకాపూర్ చుట్టూ ఏ సీడ్ గోదాం ముందు నిలబడ్డా, ఏ రైస్‌మిల్లు సేటును పలకరించినా మొదట వినిపించే మాట ఇదే. పిల్లలు దుబాయి, మస్కట్ బాట పట్టారు. బస్తాలు మోయడానికి బీహార్ నుంచి హమాలీలు వస్తున్నారు, వాళ్లలోనూ పండుగకు ఊరెళ్లి తిరిగి రానివాళ్లు ఉంటున్నారు. కూలి పెంచితే నిలుస్తారని కొందరంటారు. పథకాలతో జనం సోమరులయ్యారని మరికొందరి వాదన. ఈ రెండో మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎర్రజొన్న, మక్క విత్తనాలు శుద్ధి చేసే గోదాముల్లో ఏళ్ల తరబడి హాజరు పట్టిక రాసినవాణ్ని. ఎండాకాలం కల్లంలో జొన్నలు ఆరబోసే ఆడవాళ్లను చూసినవారెవరూ ఆ మాట అనరు. మనిషి పని వదిలి పోయేది ఎక్కువగా లెక్క తేలని చోటు నుంచే.

మా దగ్గర మనుషుల్ని నిలుపుకోవడానికి తాతల కాలం నుంచి ఒకటే ఉపాయం, అడ్వాన్సు. పెండ్లికో, దవాఖానాకో కొంత ముందు ఇస్తారు. అది తీరేదాకా ఆ ఇల్లు ఆ సేటు దగ్గరే చేయాలి. పెద్దవాళ్లు చాలకపోతే పిల్లల్ని పంపేవాళ్లు. ఆ ముడి విప్పిన ఊరు కూడా మాదే. 2001లో జి. అశోక్ కుమార్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు వేల్పూర్ మండలంలో బాలకార్మికులందరినీ బడికి పంపే ఉద్యమం నడిచింది. ఆ ఏడు అక్టోబరు 2న బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. బయటివాళ్లు దాన్ని బడి కథగానే చెప్పుకుంటారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములు వాళ్ల తల్లిదండ్రుల బాకీలు మాఫీ చేసినట్టు సభల్లో నలుగురి ముందు కాగితం రాసిచ్చారు. అసలు, వడ్డీ రెండూ వదులుకున్నారు. మనుషులు చేజారిపోతారన్న భయం వాళ్లకు ఉండకపోదు. అయినా పిల్లలు బడికి పోయిన తర్వాత కూడా పొలాలు పండాయి, గోదాములు నడిచాయి. బాకీతో కట్టేయకపోయినా పని ఆగలేదు.

మరి ఏం చేస్తే నిలుస్తారు? నా పట్టికలో నేను చూసింది చెప్తాను. గ్రేడర్ దగ్గర, బస్తాలు కుట్టే దగ్గర పనిచేసే ఆడవాళ్లు చాలామంది చదువుకోలేదు. కానీ ప్రతి ఒక్కరి దగ్గరా సొంత లెక్క ఉంటుంది. ఒకామె గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తుంది. ఇంకొకామె బిడ్డ నోటు బుక్కులో చివరి పేజీ వాడుకుంటుంది. ఒంట్లో బాగాలేక సగం పూట చేసిన రోజుకు చిన్న గీత. నేను పనిచేసిన ఒక గోదాంలో అంగడికి ముందు రోజు సాయంత్రం పట్టిక అందరి ముందూ చదివేవాళ్లం. "లక్ష్మమ్మా, నీవి ఆరు నిండు దినాలు, ఒక పూట" అంటే ఆమె తన గీతలు చూసుకుని "ఔ" అనాలి. తేడా వస్తే అక్కడే తేల్చాలి, పైసలు అప్పుడే చేతిలో పెట్టాలి. చుట్టుపక్కల వాటి కంటే ఆ గోదాం కూలి ఎక్కువేం కాదు. అయినా సీజన్ మొదలవగానే పాత జట్టే వచ్చేది, చెల్లెళ్లను, కోడళ్లను వెంటబెట్టుకుని మరీ వచ్చేది. అదే దారిలో మరో గోదాం ఉండేది, కూలి అక్కడే పై. కానీ "సీజన్ అయినంక ఒక్కసారే ఇస్తం" అనేవాళ్లు. సగం సీజన్‌కే అక్కడ కల్లం ఖాళీ.

ఇంకో ముచ్చట పత్రికల్లో రాయడానికి మొహమాటపడతారు. మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగరు. ఏప్రిల్ ఎండలో, జొన్న దుమ్ములో నీళ్లు తాగకుండా పనిచేస్తే మూత్రం మంట, జ్వరం, నాలుగు రోజుల నాగా. ఆ నాగాను సేటు సోమరితనం కింద రాసుకుంటాడు. తలుపున్న దొడ్డి ఒకటి కట్టించి, నడి ఎండలో పని ఆపితే హాజరు దానంతటదే నిలబడుతుంది.

నమ్మకం విలువ తెలియాలంటే బీడీలు చుట్టే అక్కలను అడగాలి. ఛాట్ పేరుతో బీడీలు తీసేసినా, తునికాకు తక్కువ తూకం వేసినా వాళ్లు ఆ కార్ఖానాను వదలకపోవడానికి పెద్ద కారణం పీఎఫ్ నంబరు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టింది, 2019లో అది 2,016 అయింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవాళ్లకే అది దక్కింది. అంతే చుట్టినా, అన్నేళ్లు చుట్టినా, పేరు ఎక్కించని యజమాని దగ్గర చేసిన ఆడమనిషికి ఏమీ రాలేదు. పక్కింట్లో భృతి, తన ఇంట్లో లేదు. ఆ ఇంటి పిల్లలు ఏ యజమాని మాటను నమ్ముతారు?

నమ్మకం పోతే ఏమవుతుందో బోధన్‌లో చూడొచ్చు. నిజాంసాగర్ నీళ్ల మీద చెరకు పెరిగింది, 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ వెలిసింది, ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు తెచ్చుకుంది. అక్కడ తండ్రి తర్వాత కొడుకు పనిచేసిన ఇళ్లు ఎన్నో. జీతం ఒక్కటే అయితే అన్ని తరాలు నిలిచేవి కావు. క్వార్టరు, దవాఖానా, పిల్లల బడి అన్నీ ఫ్యాక్టరీ నీడనే ఉండేవి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరు 23న ఆ కంపెనీకి ఉన్న బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి ఫ్యాక్టరీలు మూడింట్లోనూ లే ఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. తర్వాత వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)కు చేరింది. చెరకు రైతు వరికి మళ్లాడు. కార్మికులు బకాయి జీతాల కోసం ధర్నాలు చేస్తూ ముసలివాళ్లయ్యారు.

2024 జనవరిలో ఈ ఫ్యాక్టరీలు తెరిపించేందుకు ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. తెరవాలనే నేనూ కోరుకుంటున్నాను. యంత్రాలు, చెరకు విస్తీర్ణం, బ్యాంకు అప్పుల గురించి చర్చ బాగానే సాగుతోంది. చక్కెర వంట తెలిసిన చేతులు ఎక్కడి నుంచి వస్తాయో మాత్రం ఎవరూ అడగడం లేదు. జ్యూస్ రంగు చూసి పాకం చెప్పగల మనిషిని ఏ కాంట్రాక్టరూ సరఫరా చేయలేడు. ఆ పనితనం ఉన్నవాళ్లు, దాన్ని ఇంట్లో చూసి పెరిగిన వాళ్ల పిల్లలు బోధన్ చుట్టుపక్కలే ఉన్నారు. తండ్రికి రావలసింది మునిగిన గేటులోకి కొడుకు ఏ ధైర్యంతో అడుగుపెడతాడు?

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం పని మానేసినవాడి జీతం లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. శక్కర్‌నగర్ కార్మికులు పదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. కాబట్టి కమిటీకి నా విన్నపం ఒకటే. యంత్రాల టెండరు కన్నా ముందు బకాయిల జాబితా తయారుచేయండి. మూడు ఫ్యాక్టరీల గేట్ల మీదా అంటించండి. పేరు, పనిచేసిన ఏళ్లు, రావలసిన జీతం, గ్రాట్యుటీ, పీఎఫ్ అందులో ఉండాలి. చనిపోయినవాళ్ల పేర్ల పక్కన వారసుల పేర్లు రాయండి. అభ్యంతరాలకు నెల గడువు ఇచ్చి, తేలిన సొమ్ము బ్యాంకు ఖాతాల్లో వేయండి. బాయిలర్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.