ఏ కొండ యెవరికి తగును?



మా పాఠకురాలొకరు తమ కుమార్తెను గూర్చి యిట్లు వ్రాసిరి: “అమ్మాయి హిమాలయ శిఖరమొకటి యెక్కెదనని పట్టుపట్టినది. వలదనుటకు మనసొప్పదు, పొమ్మనుటకు ధైర్యము చాలదు. ఏమి చేయుదును?” ఇట్టి చిక్కు మఱికొందఱు తల్లులకును గలుగవచ్చును గావున నిచ్చటనే బదులు చెప్పుచున్నాము.

వలదనుట మాకును సమ్మతము కాదు. జపాను వనిత జుంకో తాబే 1975లోను, మన దేశపు బచేంద్రీ పాల్ 1984లోను ఎవరెస్టు నెక్కిరి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఆ శిఖరముపై నిలిచెను. అయితే ఆమె యింటినుండి నేరుగా ఎవరెస్టునకు పోలేదు. మొదట భువనగిరి బండపై నెక్కుట నేర్చెను. పిమ్మట డార్జిలింగులో శిక్షణ పొందెను. లడఖు చలిలో అభ్యాసము చేసెను. శబ్దమంజరి ముట్టనివారికి నైషధము చేతికిచ్చిన నేమి ఫలము? కొండల చదువునకును క్రమము కలదు.

కొండను ఎత్తునుబట్టి యెంచుట పెద్ద పొరపాటు. ఆఫ్రికాలోని కిలిమంజారో 5,895 మీటరులు. అలాస్కాలోని డెనాలి 6,190 మీటరులు. భేదము మూడువందల మీటరులైనను లేదు. కాని మొదటిదానిని త్రాడు పట్టకయే కాలిబాటను నడచి చేరవచ్చును. రెండవదానియందు మంచుక్రింద దాగిన బీటలను దాటుచు, సామాను బండిని తామే లాగుకొనుచు, ఘోరమైన చలిలో రెండు మూడు వారములు గడుపవలయును. అట్లే అర్జెంటీనాలోని అకంకాగువా 6,961 మీటరులైనను, వాడుక దారిలో చలిగాలి కోర్చి నడువగలవారు చేరుదురు. నేపాళమందలి ఆమా దబ్లాం అంతకంటె పొట్టిదైనను, నిట్టనిలువు రాతిని, మంచుగోడను త్రాటితో నెక్కనేర్చినవారికే యది తగును.

కావున మొదట ఉత్తరాఖండములోని కేదారకంఠమువంటి సుమారు 3,800 మీటరుల కొండపై మంచులో నడచి, తన యొడలి తీరు తెలిసికొనవలయును. తరువాత డార్జిలింగులోనో, ఉత్తరకాశిలోనో గల పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక శిక్షణ పొంది, త్రాడు, మంచుగొడ్డలి, బూట్లకు తగిలించు ఇనుపముండ్లు వాడుట నేర్వవలయును. ఆ పిమ్మటనే నేపాళములోని 6,189 మీటరుల ఐలండ్ పీక్ వంటి వానిని తలపవచ్చును. దాని కొననున్న మంచుగోడ త్రాడెఱుగనివారిది కాదు.

సులువైన కొండయు తొందరపడువారిని క్షమింపదు. 5,500 మీటరుల యెత్తున గాలియొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో సగమే. అందుచే 3,000 మీటరులు దాటినపిమ్మట, రాత్రి పండుకొను చోటును దినమునకు 500 మీటరులకు మించి పెంచరాదు. మూడు నాలుగు దినముల కొకసారి నిలిచి విశ్రమింపవలయును. తలనొప్పి, వికారము కలిగిన పైకి పోరాదు. నడక తడబడినను, మాట పొంతన తప్పినను, కూర్చుండియుండగనే ఆయాసము వచ్చినను, అర్ధరాత్రియైనను క్రిందికి దింపవలసినదే. కిలిమంజారోకు అయిదు దినములలో ముగియు చౌక యాత్రకంటె, ఏడెనిమిది దినముల యాత్ర మేలగుట యిందువలననే.

మనుచరిత్రమునందలి ప్రవరుని కథ మీరెఱిగినదే. సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమగిరి చేరుట అతనికి క్షణములో నైనది. ఆ లేపము మంచుకు కరగిపోగా మఱలివచ్చు దారి లేకపోయెను. ధనమిచ్చి కొన్న సహాయముతోనే పైకెక్కువారి గతియు నింతే. తోడువచ్చినవా రలసిననాడు ఆ బలము కరగిపోవును.

కావున సోదరీ, మీ యమ్మాయిని ఒక్క మాట యడుగుడు: “గాలి మాఱి, పొద్దు వాలి, నీ తోడువారు చతికిలబడినచో, ఆ కొండనుండి నీవై దిగిరాగలవా?” ఎట్లు దిగునో ఆమె వివరముగా చెప్పగలిగినచో ఆశీర్వదించి పంపుడు. చెప్పలేనిచో కొండను మార్చుకొమ్మనుడు, కోరికను మానుకొమ్మనకుడు.