సగటు చాటున మరుగయ్యే మనుషులు

ఖరగ్‌పూర్: ఒక పథకం ఫలించిందా, లేదా అన్నది తేల్చడానికి సగటు ఒక్కటే చాలదు. ఎవరికి ఫలించింది, ఎవరికి ఫలించలేదు అన్నదే పాలకులు అడగవలసిన అసలు ప్రశ్న. దీనికి జవాబు పరీక్ష ముగిశాక వెదికితే దొరకదు. పరీక్షను రూపొందించేనాడే అందుకు చోటు కల్పించాలి.

హైదరాబాద్ అనుభవమే ఇందుకు నిదర్శనం. సూక్ష్మ రుణాల ప్రభావాన్ని అంచనా వేయడానికి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు నగరంలోని 104 పేదవాడలను తీసుకున్నారు. లాటరీ పద్ధతిన ఎంపికైన 52 వాడలలో 2006-07లో స్పందన సంస్థ శాఖలు తెరిచింది. మిగిలిన 52 వాడలను పోలికకు ఉంచారు. 2015లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం కుటుంబాల సగటు వినియోగంలో చెప్పుకోదగిన పెరుగుదల లేదు. అయితే అప్పటికే వ్యాపారం ఉన్నవారిలో, అందునా అధిక లాభాలు గడించే కొద్దిమందికి లాభాలు పెరిగాయి. సూక్ష్మ రుణాన్ని సర్వరోగ నివారిణి అన్నవారూ, నిరర్థకమన్నవారూ విస్మరించినది ఈ తేడానే.

ఇటువంటి పరీక్షలోని చిక్కులు ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాన్ని ఊహించుకుంటే తేటతెల్లమవుతాయి. రక్తపోటు అదుపునకు ఇంటింటికీ ఆరోగ్య కార్యకర్తలను పంపదలచారనుకుందాం. క్వార్టర్లలో ఇరుగుపొరుగుల నడుమ మాట దాగదు. ఒక ఇంట చెప్పిన సలహా పక్కింటికీ చేరుతుంది. కనుక ఇళ్లకు కాక కాలనీలకే లాటరీ వేయాలి. ఒకే కాలనీవారు అనేక విషయాలలో ఒకరినొకరు పోలి ఉంటారు గనుక, ప్రతి కాలనీలో వందలాది మందిని అదనంగా చేర్చినా సగటు ఫలితం నిర్ధారణకు ఒరిగేది స్వల్పమే. పెరగవలసింది కాలనీల సంఖ్య.

తేడాల విషయం మరింత సున్నితమైనది. స్త్రీలకు, పురుషులకు ఫలితం వేరుగా ఉందా అన్నది ఒకే కాలనీలో పోల్చి చూడవచ్చు. అక్కడ అదనపు మనుషుల వల్ల ప్రయోజనం ఉంటుంది. మథురాకాటి, నింపురా వంటి రైల్వే కాలనీలకు, వెలుపలి బస్తీలకు మధ్య తేడా కనుగొనాలంటే మాత్రం మళ్లీ కాలనీల సంఖ్యే కీలకం. రెండు సమాన వర్గాల మధ్య తేడా మొత్తం ఫలితమంతే ఉన్నా, దానిని అంతే కచ్చితంగా పట్టుకోవడానికి సుమారు 4 రెట్లు కాలనీలు కావాలి. ఒక్క పట్టణం ఇందుకు చాలకపోవచ్చు. ఆద్రా, చక్రధర్‌పూర్ వంటి ఇతర రైల్వే పట్టణాలనూ కలుపుకోవలసి వస్తుంది.

కనుక పరిశీలించే వర్గాలను ముందే ప్రకటించి, ఆయా వర్గాలవారీగా లాటరీ వేయడమే ధర్మం. ఫలితాలు వచ్చాక లెక్కలను ముక్కలు చేసుకుంటూ పోతే ఏదో ఒక వర్గంలో విజయం కనిపించకపోదు. అది విధానానికి పునాది కాజాలదు.

వ్యయం పెరుగుతుందన్న అభ్యంతరం సహేతుకమే. కానీ సగటును నమ్మి కోట్లాది మందికి విస్తరించిన పథకం నిజంగా అవసరమున్నవారికే అందకపోతే, ఆ నష్టం పరీక్ష ఖర్చును ఎన్నో రెట్లు మించిపోతుంది.