చెబితే అడ్డుకుంటారన్న మాట ఎవరిది?

ముందుగా చెబితే పని జరగదు. చెప్పాపెట్టకుండా సర్వేకు దిగాలి, తెల్లారేసరికి హద్దురాళ్లు పాతాలి, జనం తేరుకునేలోపు పంచనామా అయిపోవాలి. ఈ మాట ఏ జీవోలోనూ ఉండదు. తహసీల్ ఆఫీసు వరండాల్లోనూ, కాంట్రాక్టర్ల మధ్యా, హైదరాబాద్‌లో పేపరు చదువుతూ టీ తాగే పెద్దమనుషుల నోటా మాత్రం బాగా చెల్లుతుంది. చెబితే అడ్డుకుంటారు, కోర్టుకు పోతారు, పార్టీలవాళ్లు దూరతారు, కాబట్టి చెప్పకపోవడమే తెలివి అంటారు. వికారాబాద్ జిల్లాలో 2024 నవంబర్ 11 తర్వాత ఈ వాదనకు ఇంకాస్త బలం వచ్చింది. నిజానికి ఆ వాదనలో పస లేదని తేల్చిన రోజు అదే.

ఆ రోజు ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దుద్యాల మండలం తాండూరు రెవెన్యూ డివిజన్‌లోది, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గెలిచిన కొడంగల్ నియోజకవర్గంలోది. అక్కడ లగచర్ల, హకీంపేట, పోలేపల్లి, రోటిబండ తండా, పులిచర్లకుంట తండాల్లో సుమారు 1,358 ఎకరాలు ఫార్మా విలేజ్ కోసం సేకరించాలనుకున్నారు. అభిప్రాయ సేకరణ సభను ఊరికి దూరంగా ఏర్పాటు చేశారు. అధికారులు అక్కడ కుర్చీల్లో ఎదురుచూశారు, రైతులు లగచర్లలో ఎదురుచూశారు. సభకు జనం రాకపోవడంతో కలెక్టర్ ప్రతీక్ జైన్ ఊళ్లోకి వెళ్లారు. తోపులాట, రాళ్లు, కార్ల అద్దాలు. కొడంగల్ ఏరియా డెవలప్‌మెంట్ అథారిటీ ప్రత్యేకాధికారి వెంకట్ రెడ్డి గాయపడ్డారు. ఆ రాత్రి ఊళ్లలోకి పోలీసులు దిగి పదుల మందిని పట్టుకెళ్లారు. చుట్టుపక్కల మండలాల్లో ఇంటర్నెట్ ఆపేశారు. దాడి వెనక కుట్ర ఉందన్న ఆరోపణపై రెండు రోజులకు కొడంగల్ మాజీ ఎమ్మెల్యే పట్నం నరేందర్ రెడ్డి అరెస్టయ్యారు. లగచర్ల ఆడవాళ్లు ఢిల్లీ వెళ్లి జాతీయ మానవ హక్కుల సంఘం తలుపు తట్టారు. నవంబర్ 29న ప్రభుత్వం ఆ భూసేకరణ నోటిఫికేషన్‌ను ఉపసంహరించుకుంది. ఆ వెనువెంటనే పారిశ్రామిక పార్కు పేరుతో భూసేకరణ మళ్లీ మొదలైంది.

అధికారి మీద రాయి వేయడం తప్పే. అందులో రెండో మాట లేదు. కుట్ర ఉందో లేదో కోర్టులు తేలుస్తాయి. నా గొడవ ఆ తర్వాత వచ్చిన వ్యాఖ్యానాలతో. ఇంటెలిజెన్స్ వైఫల్యం అన్నారు, బందోబస్తు చాలలేదన్నారు. ‘ముందే తేదీ చెప్పి సభ పెడితే ఇలాగే ఉంటుంది’ అన్నవాళ్లూ ఉన్నారు. ఎదుటివాడికి టైమిచ్చాం కాబట్టే వాడు కాచుకుని కూర్చున్నాడని వాళ్ల లెక్క.

ఈ లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. ముందుగా చెప్పింది ప్రభుత్వం కాదు, ఊరు. భూములు ఇవ్వబోమని ఆ తండాలవాళ్లు నెలల తరబడి చెబుతూనే ఉన్నారు. ధర్నాలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు. అక్టోబర్ చివర్లో రోటిబండ తండాలో ఇదే విషయం మీద గొడవ జరిగింది. ఒక ఊరు ఇంతకంటే ముందుగా, ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పగలదు? వినడానికి ఇంటెలిజెన్స్ విభాగం అవసరమే లేదు. తహసీల్దారుకు చెవులుంటే చాలు. ముందు చెప్పడమనేది రెండు వైపులా సాగాల్సిన వ్యవహారం. మనం దాన్ని పైనుంచి కిందికి దించే కాగితంగా మాత్రమే చూస్తున్నాం.

ఆ కాగితం సంగతీ చూద్దాం. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో వేయాలి, ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వేయాలి, పంచాయతీ ఆఫీసులోనూ తహసీల్ ఆఫీసులోనూ స్థానిక భాషలో పెట్టాలి. అక్కడితో చట్టం ఆగలేదు. ఇందుకోసమే ప్రత్యేకంగా పిలిచిన గ్రామసభలో నోటిఫికేషన్‌లో ఏముందో తెలియజేయాలంది. అభ్యంతరాలకు 15వ సెక్షన్ 60 రోజులిచ్చింది. ఇవన్నీ పాటించామని ఫైల్లో రాసుకోవడం ఏ గుమాస్తాకైనా వచ్చిన విద్యే. గోడకు అతికించిన కాగితం ఫొటో, పేపరు కటింగు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. ‘మాకెవరు చెప్పిండ్రు?’ అని ఊరు అడిగితే ఫైలు తెరిచి చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంటుంది.

నోటీసు అందింది, మాట అందలేదు. ఎందుకంటే కాగితాన్ని ఎదురు ప్రశ్న అడగలేం. ‘నా సర్వే నంబరు ఇందులో ఉందా? అసైన్డ్ భూమికి కూడా పైసలు వస్తాయా? బోరు, చింతచెట్టు లెక్కలోకి వస్తాయా? నా కొడుకు పుణెలో మట్టి పనిలో ఉన్నాడు, వాడు వచ్చేదాకా ఆగుతారా?’ వీటికి గోడ జవాబివ్వదు. తండాల్లో ఇంట్లో మాట్లాడేది లంబాడీ, నోటిఫికేషన్ రాసేది రెవెన్యూ తెలుగులో. ఆ తెలుగు డిగ్రీ చదివినవాడికే కొరుకుడు పడదు.

మరి జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరు? ఈ ప్రశ్నను ఆ నవంబర్ నాటికి వర్తింపజేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తెలంగాణలో గ్రామ పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసింది, ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారులు వచ్చారు. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. అంటే లగచర్ల గొడవ నాటికి ఏ ఊళ్లోనూ పదవిలో సర్పంచ్ లేడు. వీఆర్వో వ్యవస్థను 2020లో రద్దు చేశారు. 20 వేలకు పైగా ఉన్న వీఆర్‌ఏలను 2023లో ఇతర శాఖలకు సర్దేశారు. వాళ్లలో అవినీతిపరులు ఉన్నారు, జనం వాళ్లను తిట్టుకున్నదీ నిజమే. కానీ ఊళ్లో రెవెన్యూ శాఖకు నోరూ చెవీ వాళ్లే. ఏ పొలం ఎవరిది, ఎవరు వలస పోయారు, ఏ అన్నదమ్ముల మధ్య తగాదా ఉంది, సభకు ఎవరు వస్తారు, ఎవరు రారు, ఎందుకు రారు, ఇవి తెలిసినవాళ్లు. ఆ మనుషుల్ని తీసేసి, సర్పంచ్‌ను కూడా లేకుండా ఉంచి, వెయ్యికి పైగా ఎకరాలు అడగడానికి పోయారు. ఊరికీ ఆఫీసుకీ మధ్య మాట మోసే నాథుడే లేడు. అప్పుడు మాట బదులు రాయి వెళ్లిందంటే తప్పు సమర్థించినట్టు కాదు, కారణం చెప్పినట్టు.

పాత కాలంలో ఈ పని డప్పు చేసేది. ఊరి మధ్య నిలబడి చాటింపు వేస్తే ఎవరైనా ఆపి అడిగేవాళ్లు, ఏ రోజని, ఎక్కడని, పట్నం నుంచి వచ్చేది ఎవరని. దీన్ని పాడిపంటల పాతకాలమని పొగడబోవడం లేదు. ఆ డప్పు కొట్టింది మాదిగవాడు, చాలాచోట్ల వెట్టిగా, చాటింపు వేసినవాడికి ఆ సభలో సమానంగా కూర్చునే చోటే లేదు. ఆ అన్యాయాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అడగరు. అయితే చట్టం రాసినవాళ్లు కూడా డప్పును మరచిపోలేదన్నది చాలామందికి తెలియని విశేషం. పర్యావరణ అనుమతులకు సంబంధించిన 2006 కేంద్ర నోటిఫికేషన్ నాలుగో అనుబంధంలో, పత్రికలు చేరని చోట డప్పు చాటింపు లాంటి మార్గాల్లో బహిరంగ విచారణ గురించి జనానికి తెలపాలని రాసి ఉంది. కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలనీ ఉంది. తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు, నాపరాళ్ల గనులు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ అనుబంధం మన ప్రాంతానికి దగ్గరి సంగతే. 2020లో వచ్చిన ముసాయిదా ఆ 30 రోజుల్ని 20కి కుదించబోయింది. పది రోజులు తగ్గిస్తే ఎవరికి లాభం? మడి దున్నుకునేవాడికైతే కాదు.

ఇక అవతలి పక్షం చూపించే బలమైన ఉదాహరణకు వద్దాం. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు. రోడ్డు వెంట ఉన్న మర్రిచెట్లను కొట్టేయకూడదన్న కేసు వల్ల చేవెళ్ల దగ్గర విస్తరణ ఏళ్లు ఆగింది. 2025 నవంబర్ 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ వద్ద తాండూరు డిపో బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టి 19 మంది చనిపోయారు. తాండూరులో ఆ వారం ఎవరిని కదిలించినా కోపమే. ‘చూశారా, జనాన్ని అడుగుతూ కూర్చుంటే రోడ్లు ఇలాగే ఆగిపోతాయి’ అన్నారు. కోపం న్యాయమైనదే, దాని గురి తప్పు. ఆ కేసు గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది జనాన్ని ఎక్కువగా అడిగినందుకు కాదు, పర్యావరణ ప్రభావం మీద అడగాల్సినప్పుడు అడగనందుకు. చివరికి కుదిరిన దారి ఏమిటి? చెట్లలో ఎక్కువ భాగాన్ని ఉంచి రోడ్డు వెడల్పు చేయడం. ఆ డ్రాయింగ్ మొదటి ఏడాదే గీసి ఉండవచ్చు. చెప్పకుండా మిగుల్చుకున్నామనుకున్న నెలలు కోర్టులో ఏళ్లుగా తిరిగొచ్చాయి.

రహస్యం అవసరమైన చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఏసీబీ వలపన్నేటప్పుడు ఎవరూ ముందు ఫోన్ చేయరు. హాస్టల్లో పిల్లలకు నీళ్లచారు పోస్తున్నారేమో చూడాలంటే చెప్పకుండానే పోవాలి. అక్కడ ఆకస్మికం అధికారం చేతిలో ఉన్నవాడి మీద పడుతుంది, దిక్కులేని పిల్లలకు మేలు చేస్తుంది. మన దగ్గర వ్యవహారం తలకిందులుగా నడుస్తుంది. మంత్రి వస్తున్నాడంటే వారం ముందే బడికి సున్నం, రోడ్డు గుంతలకు తారు, వంటశాలకు కొత్త గిన్నెలు. తెలియకూడని వార్డెనుకు తెలుస్తుంది. తెలియాల్సిన రైతుకు జేసీబీ శబ్దం వినిపించాక తెలుస్తుంది.

దేశ రక్షణ అనే మాట ఎత్తగానే అందరూ నోరు మూసుకుంటారు. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో, జలాంతర్గాములతో మాట్లాడే నౌకాదళ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. లగచర్లకు నెల ముందు, అదే జిల్లాలో. 2006 నోటిఫికేషన్ రక్షణ ప్రాజెక్టులను ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. జలాంతర్గాములతో ఏం మాట్లాడతారో మనకు అక్కర్లేదు, అది రహస్యంగానే ఉండాలి. కానీ ఆ అడవిలోని రామలింగేశ్వరస్వామి గుడికి జాతర నాడు ఏ దారిన పోవాలి, పశువుల్ని ఎక్కడ మేపుకోవాలి, ఎన్ని చెట్లు పోతాయి, ఏ నెలలో కంచె పడుతుంది, ఇవి ఏ శత్రు దేశానికి పనికొచ్చే రహస్యాలు? అధికారికి చెప్పడం ఇష్టం లేని ప్రతి సంగతినీ రక్షణ అనే గొడుగు కిందికి తోయడం అలవాటైపోయింది.

చెప్పకపోవడానికి ఇంకా పెద్ద ధర చెల్లించాం మనం. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి ప్రాజెక్టు గేట్లెత్తితే బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. గేట్లెత్తడాన్ని అడ్డుకునేవాళ్లెవరూ అక్కడ లేరు. చెప్పి ఉంటే ఎవరూ ధర్నా చేసేవాళ్లు కాదు, పిల్లలు ఒడ్డుకు ఎక్కేవాళ్లు. చెప్పకపోవడం వ్యూహమేమీ కాదని, ఉత్త బద్ధకమని తెలుసుకోవడానికి ఇదొక్కటి చాలు. 2020 మార్చి 24న రాత్రి ఎనిమిది గంటలకు చెప్పి అర్ధరాత్రి నుంచి దేశమంతా మూసేసినప్పుడు, ముంబై, పుణెల్లో చిక్కుకున్న మన వలస కూలీలు నాలుగు గంటల గడువు విలువెంతో కాళ్లతో నడిచి తెలుసుకున్నారు.

చిన్న విషయాల్లోనూ ఇదే తీరు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు పొద్దున్నే కరెంటు పోతుంది. ఫోన్ చేస్తే ‘ఎల్‌సీ తీసుకున్నం’ అంటారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, మరమ్మతుకు కరెంటు ఆపడం. అది ముందురోజే నిర్ణయమైన పని. ముందురోజే ఒక్క మెసేజ్ పెడితే కూలీ వేరే పని చూసుకుంటుంది, బస్సు కిరాయి మిగులుతుంది. ఇక్కడ అడ్డుకునేవాడు లేడు, కోర్టు లేదు, ప్రతిపక్షం లేదు. అయినా చెప్పరు. అంటే అడ్డుకుంటారన్న భయం సాకు మాత్రమే. అవతలివాడి రోజుకు విలువ లేదనుకోవడమే అసలు సంగతి.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. 2025లో గ్రామ పాలన అధికారులను వేశారు, ఆ ఏడాది చివర్లో సర్పంచులు గెలిచి వచ్చారు. మాట మోయడానికి మనుషులైతే ఉన్నారు. వాళ్లతో ఆ పని చేయించుకోవడం మన చేతుల్లో ఉంది. మీ ఊరి భూమి మీద ఏ నోటిఫికేషన్ వచ్చినా పంచాయతీ ఆఫీసుకు వెళ్లండి. 11వ సెక్షన్ చెప్పినట్టు ఇందుకోసమే ప్రత్యేక గ్రామసభ పిలిచారా, ఏ తేదీన పిలిచారు, వలస వెళ్లినవాళ్లకు ఎవరు కబురు పెట్టారు అని అడగండి. తీర్మానాల పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించమనండి. చూపించలేకపోతే అదే మాట రాతపూర్వకంగా కలెక్టర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోండి.