గురువుకు జీతమిచ్చేది శిష్యుడే

టెన్నిస్‌లో కోచ్ ఉద్యోగం విచిత్రమైంది. జీతమిచ్చేది శిష్యుడు, పుచ్చుకునేది గురువు. క్రికెట్‌లోలా బోర్డు గానీ, ఫుట్‌బాల్‌లోలా క్లబ్బు గానీ మధ్యలో ఉండవు. నచ్చకపోతే ఒక్క ఫోన్ కాల్‌తో కొలువు ఊడుతుంది. అలాంటప్పుడు యజమాని మొహం మీదే 'నీ తీరు బాగాలేదు' అని చెప్పగలిగే వారెందరు?

డారెన్ కేహిల్ చెప్పాడు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన ఈయన ఆటగాడిగా దిగ్గజమేమీ కాదు. అత్యుత్తమ ర్యాంకు 22, సింగిల్స్ టైటిళ్లు రెండే. 1988 యుఎస్ ఓపెన్ రెండో రౌండ్‌లో బోరిస్ బెకర్‌ను మట్టికరిపించి సెమీఫైనల్ దాకా వెళ్లడమే పెద్ద ఘనత. అక్కడ మాట్స్ విలాండర్ చేతిలో ఓడాడు. ఆ తర్వాత మోకాలు మొరాయించింది. కెరీర్ అర్ధంతరంగా ముగిసింది.

కోచ్‌గా మారాక మాత్రం కథ వేరు. సొంతూరి కుర్రాడు లేటన్ హెవిట్ 2001లో యుఎస్ ఓపెన్ గెలిచి, ఇరవయ్యేళ్లకే నెంబర్ వన్ అయ్యాడు. ఆ ఏడాది చివర్లోనే ఇద్దరి దారులూ వేరయ్యాయి. శిఖరమెక్కించిన కొద్ది వారాలకే కొలువు పోవడం ఈ వృత్తిలో వింతేమీ కాదు. 2002లో ఆండ్రీ అగస్సీ పిలిచాడు. మరుసటి ఏడాది అగస్సీ ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 33 ఏళ్ల వయసులో మళ్లీ నెంబర్ వన్ అయ్యాడు. ఒకరు దూకుడు తగ్గని కుర్రాడు, మరొకరు అన్నీ చూసేసిన సీనియర్. ఇద్దరికీ ఒకే పాఠం పనికిరాదు కదా.

అసలు పరీక్ష రొమేనియా క్రీడాకారిణి సిమోనా హలెప్ దగ్గర ఎదురైంది. 2017 మార్చిలో మియామీ క్వార్టర్‌ఫైనల్‌లో జొహానా కోంటా మీద గెలుపు అంచు దాకా వచ్చి హలెప్ ఓడింది. ఓటమి కన్నా, మ్యాచ్ మధ్యలో తనను తాను తిట్టుకుంటూ ఆమె చేతులెత్తేసిన తీరు కేహిల్‌కు మింగుడు పడలేదు. తప్పుకున్నాడు. బ్యాక్‌హ్యాండ్ దిద్దే కోచ్‌లు బోలెడుమంది దొరుకుతారు. ప్రవర్తన మారకపోతే ఉద్యోగమే వద్దనేవారు అరుదు. హలెప్ ఆ మాటను మనసుకు తీసుకుంది. కొద్ది వారాలకు కేహిల్ తిరిగొచ్చాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆమె నెంబర్ వన్. మధ్యలో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ఓటమి, 2018 ఆరంభంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో మరో ఓటమి. చివరికి 2018 జూన్‌లో పారిస్‌లో స్లోన్ స్టీఫెన్స్ మీద తొలి సెట్ పోగొట్టుకుని కూడా టైటిల్ గెలిచింది. పాత హలెప్ అయితే ఆ సెట్టుతోనే కుంగిపోయేదేమో.

మాజీ ఛాంపియన్లకు పేరే తలుపులు తెరుస్తుంది. కానీ ఆ పేరు కూడా కుర్చీని కాపాడలేదు. ఒకప్పటి నెంబర్ వన్ హువాన్ కార్లోస్ ఫెరెరో, కార్లోస్ అల్కరాజ్‌ను పదిహేనేళ్ల వయసు నుంచి తీర్చిదిద్దాడు. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు వచ్చాయి. అయినా 2025 డిసెంబర్‌లో ఇద్దరూ విడిపోయారు.

కేహిల్ 2022లో ఇటలీ ఆటగాడు యానిక్ సిన్నర్ బృందంలో చేరాడు. అప్పటికే అక్కడ సిమోనె వాన్యోట్సి కోచ్‌గా ఉన్నాడు. అంత పేరున్న మనిషి, తనకన్నా చిన్నవాడైన సహచరుడి పక్కన సర్దుకుని పనిచేశాడు. 2024లో సిన్నర్ రెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి నెంబర్ వన్ అయ్యాడు.

2025తో సెలవు తీసుకుంటానని కేహిల్ ముందే చెప్పేశాడు. వింబుల్డన్ ఫైనల్‌కు ముందు సిన్నర్ ఒక పందెం పెట్టాడు: తాను గెలిస్తే, గురువు ఉండాలా వెళ్లాలా అన్నది తానే తేలుస్తాడు. ఆ జూలై 13న అల్కరాజ్‌ను ఓడించి పందెం గెలిచాడు.