చాదస్తమును శ్రద్ధయును

అల్పవిషయములయందు అతిగా పట్టుపట్టు వానిని ఆంగ్లేయులు ‘పర్నికెటి’ యందురు. ఈ మాట స్కాట్లండున పుట్టి 19వ శతాబ్దారంభమున నిఘంటువుల కెక్కినది. అమెరికావారు నడుమ సకారమును చొప్పించి ‘పర్స్నికెటి’ యనిరి. దాని మూలము నేటికిని పండితులకు తేలలేదు. ఇట్టిదే ‘ఫాస్టిడియస్’ అను మరియొక మాట. దీని పుట్టుక స్పష్టము. లాటిను భాషలో ‘ఫాస్టిడియమ్’ అనగా ఏవగింపు. ఆంగ్లమున నిది ఒకప్పుడు ఏవగింపు పుట్టించు దానిని, తుదకు ఎంత చేసినను తృప్తిపడని వానిని తెలుపసాగెను.

తెలుగున ఈ గుణమునకు పేరు చాదస్తము. ఛందస్సనగా వేదము, వేదము చదివినవాడు ఛాందసుడు. గౌరవవాచకమైన ఆ పేరే లోకవ్యవహార మెరుగక అక్షరమును పట్టుకొని వ్రేలాడువానికి చెల్లెను. ఛాందసమే వాడుకలో చాదస్తమైనది. లాటిను మాట ఈ దోషమును ఏవగింపునకు ముడివేయగా, మన మాట చదువునకు ముడివేసినది. ఉపాధ్యాయులమైన మాకు ఇది సూటిగా తగులుచున్నది.

అయినచో చదువుకు చాదస్తము తప్పదా? 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని చూడుడు. వాడుకలో లేని ప్రాతరూపములను బాలురచే వ్రాయింపరాదని వారు పోరాడిరి. అట్లని అశ్రద్ధను మెచ్చినవారు కారు. సవరల నోట వారి భాషను విని నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. ఒక్కొక్క ధ్వనికిని చెవియొగ్గనిదే అట్టి పని సాగదు. అది శ్రద్ధ.

రెంటికిని భేదమేమి? ఔషధపు లెక్కలో దశాంశబిందువు ఒక స్థానము జరిగిన, మోతాదు పదిరెట్లగును. అచ్చట పట్టుపట్టుట రోగికి మేలు. కోటవురట్ల ప్రాంతపు బాలుడొకడు తన వ్యాసమున ‘పిల్లవాడు’ అనక, ఇంటిమాటగా ‘గుంటడు’ అని వ్రాసెననుకొందము. ఆ మాటను ఎర్రసిరాతో కొట్టివేసి, వాని భావమును చదువకయే పుస్తకమును విసరివేసిన ఎవరికి మేలు? మరునాడు వాడు గైడును చూచి వ్రాయును. అందు తప్పులుండవు, వాడును ఉండడు.

కావున దిద్దవలదని మేమనము. గ్రంథభాషలో ఏ మాట చెల్లునో తప్పక చెప్పవలెను. ఇంటిమాట నీచమని మాత్రము చెప్పరాదు. ముందు భావమును చదువుదము, పిమ్మట అక్షరమును దిద్దుదము. విద్యార్థులారా, మీరును దిద్దిన తప్పును చూచి కలమును విడువకుడు. ఎదుటివాని మేలు కోరి దిద్దుట శ్రద్ధ. మన పాండిత్యము చాటుటకై దిద్దుట చాదస్తము.