ఎముకలున్న కల్పన

లేని జంతువును చిత్రించుట సులభమని పలువురి అభిప్రాయము. పోల్చి చూచుటకు అసలు జంతువు ఎక్కడను లేదు గనుక తప్పుపట్టువారుండరని వారి ధైర్యము. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డా వించి అట్లు తలపలేదు.

ఇంగ్లండులో విండ్సరు కోటయందలి రాజసంగ్రహమున ఆయన చివరి సంవత్సరములలో గీసిన కాగితమొకటి ఉన్నది. దానినిండ పిల్లులే. కొన్ని నిద్రించుచున్నవి, కొన్ని కలియబడుచున్నవి. వాని నడుమ, ఏ సంకోచమును లేక, ఒక చిన్న డ్రాగన్ మెడ మెలిత్రిప్పి నిలిచియున్నది. దృష్టి నిలిపి చూచినగాని అది పిల్లి కాదని తోపదు. దాని వెన్నులోని ఒంపు పిల్లినుండి వచ్చినదే. కనుకనే అది మరుక్షణమున గెంతునేమో అనిపించును.

ఈ నేర్పు ఊరక వచ్చినది కాదు. ముప్పదికి పైగా మానవదేహములను కోసి పరిశీలించితినని 1517లో తన్ను చూడవచ్చిన కార్డినలు పరివారముతో ఆయన చెప్పినాడు. ఎలుగుబంటి పాదమును సైతము విడదీసి గీసినాడు. కల్పితమృగము సహజముగా కనబడవలెనన్న దాని ప్రతి అవయవమును నిజమైన జంతువునుండియే గ్రహింపవలెనని వ్రాసికొన్నాడు: వేటకుక్క తల, పిల్లి కన్నులు, ముండ్లపంది చెవులు, తాబేటి మెడ.

వసారి చెప్పిన ముచ్చట ఒకటి కలదు. డాలుపై భీకరమృగమును వ్రాయుటకై యువకుడైన లియొనార్డో బల్లులను, పాములను, మిడుతలను, గబ్బిలములను గదిలో చేర్చినాడట. అవి చచ్చి కంపు కొట్టుచున్నను ఆయనకు తెలియలేదట. తండ్రి వచ్చి బొమ్మను చూచి ఉలికిపడి వెనుకకు తగ్గినాడట. ఆ డాలు నేడు లభింపదు. ముచ్చటలో అతిశయోక్తి ఉండవచ్చును గాని, పద్ధతి మాత్రము లియొనార్డోదే.

తెలుగునాట పలు పాఠశాలలలో చిత్రలేఖనపు గంట రెండు విధముల వ్యర్థమగుచున్నది. ఒకచోట అచ్చుబొమ్మను చూచి దింపుమందురు. వేరొకచోట ఊహకు తోచినది గీయుమని బాలుని వదలివేయుదురు. ఈ రెండవది స్వేచ్ఛవలె కనబడును. కాని ఊహకు తోచుటకు ఆ బాలుని కన్ను ఏమి కూడబెట్టినది? కోడికాలు ఎటు వంగునో ఎరుగని వాడు గీసిన రాక్షసి ఎవ్వరిని భయపెట్టదు. శాస్త్రము చొచ్చినచో కల్పన చచ్చునని వాదించువారు ఆ పిల్లుల కాగితమును ఒక్కమారు చూడవలెను.

బాలునిచేత పెరటికోడిని పదిమార్లు గీయించి, పిమ్మట దానికి నాలుగు కాళ్ళు పెట్టుమని చెప్పిన ఉపాధ్యాయునికి వేరు బోధన అక్కరలేదు. మిగిలిన రెండు కాళ్ళు ఏ ఎముకకు అతుకవలెనో వాడే వచ్చి అడుగును.